ఒక్క బండికి రెండు జతల ఎడ్లు

వాడపల్లి (రెంజల్ మండలం)
4-12-1988

దేవిదాస్,

నీ మామ లింబయ్యను రాస్తున్న. దీవెన ఆఖరుకు ఉంటది. ముందుగా ఎనిమిదేండ్ల సంది కడుపులో పెట్టుకున్న మాట ఒకటి ఉన్నది, అది దించుకోవాలె.

వాగు మీద దారి కావాలని 1980లో నువ్వు మా ఊరికి దరఖాస్తు రాసిచ్చినవు. చావడి ముంగట పదిమంది కూర్చున్నరు. ‘దిక్కులేని బీద రైతులము, తమరి పాదములకు మ్రొక్కి వేడుకొనుచున్నాము’ అని రాసి, గొంతెత్తి చదివినవు. నాకు నాలుగెకరాల భూమి, రెండు జతల ఎడ్లు ఉన్నయి. నేను దిక్కులేనోణ్ణి ఎప్పుడైన? అది ఒకటి. సంతకం అనంగనే జేబులకెళ్ళి సిరా డబ్బా తీసి నా బొటనవేలు పట్టుకున్నవు. రెండు చలికాలాలు వయోజన బడికి పోయి నేర్చుకున్న సంతకం నాది. వస్తదా రాదా అని అడగనన్న అడగలేదు. అది రెండోది. సొంత చెల్లె కొడుకువని ఊకున్న.

ఇప్పుడు ఎందుకు రాస్తున్ననంటే, మొన్న బాపురావు ఎద్దు బండ్లు వాగు దాటే రేవులో కాలు విరగ్గొట్టుకున్నది. బాపురావు నీకు తెలుసు, కిరాయికి చెరుకు బండి కొట్టేటోడు, మరాఠోడు, మా ఊరికి వచ్చి ఇరువై ఏండ్లయింది. ఆయనకు ఉన్నది ఒక్కటే జత. ఇప్పుడు సగం జత. ఈ వాగు గిట్లనే ఉంటే వచ్చే కాలానికి నాందేడ్ దిక్కు కూలికి పోత అంటున్నడు.

వంతెన అడుగుతలేను. వాగుకు అడ్డంగా తూములు పెట్టి పైన సిమెంటు పోసే దారి చాలు. దాన్ని మీ రోడ్ల ఆఫీసులో కాజ్‌వే అంటరట. నువ్వు అదే ఆఫీసులో ఉన్నవు గనుక ఈసారి కాగితం సక్కగ రాయి. దిక్కులేని అన్న మాట పడొద్దు. సంతకం నేను చేస్త.

మీ అమ్మ సాయవ్వకు చెప్పు, బర్రె ఈనింది, దూడ ఆడది. నీకు దీవెన.

లింబయ్య

---

నిజామాబాద్
11-12-1988

మామా, దేవిదాస్ దండాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. బీడీలు చుట్టుకుంటూనే విన్నది. ‘మా అన్న కోపం చెరుకు గడ అసొంటిది, ఎంత నమిలినా రసం అయితనే ఉంటది’ అన్నది. దూడ సంగతికి మాత్రం చాట పక్కన పెట్టి నవ్వింది.

ఆ దరఖాస్తు రాసినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. కాగితం అంటే మొక్కడమే అనుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఇన్‌వర్డ్ సెక్షన్‌లో కూర్చుని వచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర వేస్తున్నాను. మొక్కిన కాగితాలు బీరువాలోకి పోతాయి. మెట్లెక్కి ఇంజనీరు బల్ల మీదికి పోయే కాగితం వేరే తీరుగా ఉంటుంది. అది అడుక్కోదు. ఇప్పుడు ఏం నష్టం జరుగుతోందో చూపిస్తుంది, ఈ పని చేస్తే ఆ నష్టం ఎట్లా ఆగుతుందో చూపిస్తుంది, చదివేవాడికి వచ్చే అనుమానాలకు ముందే జవాబు చెబుతుంది. ఆఖరుకు చదివినవాడు సంతకం పెట్టకుండా ఉండటానికే కారణం వెతుక్కోవాలి.

అట్లాంటిది రాస్తాను. కానీ సరుకు నువ్వు పంపాలి. రేవు దాటే చెరుకు బండ్లు రోజుకు ఎన్ని? ఉజ్జాయింపుగా వద్దు, కూర్చుని లెక్కపెట్టాలి. దారి పడకపోతే ఏమవుతుంది? వేరే మార్గాలు ఏమున్నాయి, అవి ఎందుకు పనికిరావు? కట్టిన తరువాత దాన్ని ఎవరు చూసుకుంటారు? ఇంకొకటి, ఈ పనిలో ఏమేం చెడిపోవచ్చు, ఎక్కడ అడ్డం రావచ్చు? దానికి ఒక పేజీ విడిగా ఉండాలి.

వచ్చే ఏడాది పనుల జాబితా ఫిబ్రవరి 25న మూస్తారు. అప్పటికి మన కాగితం లోపల ఉండాలి.

దేవిదాస్

---

వాడపల్లి
27-12-1988

దేవిదాస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. సిరా డబ్బా గురించి ఒక్క ముక్క లేదు. దాటేసినవు. చూసిన.

నీ ప్రశ్నలు పోలీసోని ప్రశ్నల లెక్క ఉన్నయి. దాహం అయితుంది నీళ్ళియ్యి అంటే, నీళ్ళు గాక ఇంకేం తాగుతవు, తాగకపోతే ఏమయితది అని అడుగుతరా? అయినా నువ్వు అడిగినవని చేసిన. పదిహేను దినాలు రేవు గట్టు మీద గొంగడి వేసుకొని కూర్చున్న. ఒక ముంతలో చింతగింజలు వేసుకుంట పోయిన. పొద్దు మునిగినంక మీ అత్త లింగవ్వ, నేను ఎదురెదురుగా కూర్చొని లెక్కపెట్టినం. ఒక దినం తక్కువ, ఒక దినం ఎక్కువ, అన్ని కలిపి చూస్తే దినానికి ఎనభై ఆరు గింజలు పడ్డయి. ఊరోళ్ళు నన్ను చూసి ‘ఏంది లింబన్న, చేపలకు గాలం వేస్తున్నవా’ అని నవ్విండ్రు. ‘ఇంజనీరుకు వేస్తున్న’ అన్న.

వేరే మార్గం ఉన్నది. సాటాపూర్ మీదికెళ్ళి తిరిగి పోవచ్చు, తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ. ఎడ్లకు ఆ బరువుతోని తొమ్మిది కిలోమీటర్లంటే ఏందో ఇంజనీరును కాడికి కట్టి చూడు. ఇంకో మార్గం, ఏటా మేం చేసేదే. రేవులో చెరుకాకు పరిచి రాళ్ళు నింపుతం. ఏటా వానకు కొట్టుకపోతది. నేను పుట్టక ముందు సంది నింపుతున్నరు.

దారి పడకపోతే ఏమయితది అంటే ఫ్యాక్టరీకి చేరేలోపల చెరుకు ఎండి తూకం తగ్గుతది. అది గూడ తూచిన. నలభై కిలోల చెరుకు కట్ట రేషన్ దుకాణం కాంటా మీద పెట్టిన. మూడో దినానికి కిలోన్నర పోయింది. దుకాణపాయన ‘తాతా, ఇది చెరుకా, నీ ఒళ్ళా, తూచినప్పుడల్లా తగ్గుతుంది’ అన్నడు.

కట్టినంక చూసుకునుడు మా పని. వాన వెలిసినంక తూముల్లో చెత్త తీయనీకి ఇంటికొక మనిషి వస్తరు. అందరినీ అడిగిన, ఒప్పుకున్నరు.

ఆ చెడు పేజీ మాత్రం రాయ. పని మొదలు గాకముందే ఇది చెడుతది, అది కూలుతది అని నోటితోని అనొద్దు. లగ్గం పత్రికలో చావు సంగతి రాస్తరా? నువ్వు పట్నంల ఉండి మర్చిపోయినవు. ఆ పేజీ లేకుండనే పంపు.

లింబయ్య

---

నిజామాబాద్
9-1-1989

మామా, దండాలు.

చెరుకు కట్ట తూచిన సంగతి చదివి మా సెక్షన్‌లో అందరికీ చూపించాను. పెద్ద పెద్ద కంట్రాక్టర్ల కాగితాల్లో కూడా ఇట్లాంటి లెక్క ఉండదు. తొమ్మిది పేజీలు తయారైంది. మొదటి పేజీలోనే రోజుకు ఎనభై ఆరు చెరుకు బండ్లు ఈ రేవు దాటుతున్నాయని రాశాను. చిత్తు ప్రతిని ఇంజనీరు గారి బల్ల మీదికి పంపాను. ఆయన చదివి, చూసి రమ్మని ఒక మనిషిని పంపుతానన్నారట. ఎనిమిదేళ్లలో మన ఊరి కాగితం మెట్లెక్కడం ఇదే మొదటిసారి.

ఆ చెడు పేజీ మాత్రం తప్పదు. అపశకునం అని నువ్వంటున్నావు. ఆఫీసులో దాన్ని నిజాయితీ అంటారు. అడ్డం లేని పని లోకంలో లేదని వాళ్లకు తెలుసు. మనం చెప్పకపోతే దాచామనుకుంటారు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. కాజ్‌వే కడితే అటూ ఇటూ బండ్లదారిని కలపాలి. మన ఒడ్డున ఆ దారి ఎవరి భూమిలో నుంచి పోతుంది? వాళ్లు ఇస్తారా?

అమ్మకు చేతివేళ్ల నొప్పి. బీడీలు తగ్గించమంటే వినదు. ‘మా అన్నకు చెప్పకు, వచ్చి కూర్చుంటడు’ అంటున్నది, అందుకే చెబుతున్నాను.

దేవిదాస్

---

వాడపల్లి
16-1-1989

దేవిదాస్,

భూమి సంగతి నీకెందుకు. అడ్డం లేదు. అట్లనే రాయి.

సాయవ్వకు వేడి నీళ్ళల్ల పసుపు వేసి చేతులు పెట్టుమను. ఈ కొమ్ములు మన ఇంటియే, సంచిలో పంపుతున్న. బజారు పొడి వాడొద్దు.

సిరా డబ్బా మాట మళ్ళ ఎత్తలేదు నువ్వు.

లింబయ్య

---

నిజామాబాద్
30-1-1989

మామా,

ఇంజనీరు గారు పంపిన మనిషి మొన్న పొద్దంతా మన రేవు దగ్గర కూర్చున్నాడు. నలభై మూడు బండ్లు దాటాయని రాసిచ్చాడు. మనం రాసింది ఎనభై ఆరు. సరిగ్గా రెండింతలు. ఇంజనీరు గారు నన్ను పిలిచి, ‘ఏమయ్యా, మీ మామ ఒక్కో బండిని రెండుసార్లు చూస్తాడా?’ అన్నారు. గదిలో నలుగురు నవ్వారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక్క అంకె తప్పయితే తొమ్మిది పేజీలనూ ఎవరూ నమ్మరు. ఎందుకు పెంచావు మామా? నలభై మూడు కూడా తక్కువేమీ కాదు.

రెండో సంగతి. దీని కోసం పాత ఫైలు వెతికి తీయించాను. 1980 నాటిది. మన దరఖాస్తు మొక్కినందుకు బీరువాలోకి పోయిందనుకుంటూ వచ్చాను. అట్లా జరగలేదు. నవంబరులో కొలతకు మనుషులు వచ్చారు. వాళ్లు రాసిన నోటు ఉంది: ‘దారి కలిపే చోట పట్టాదారు అభ్యంతరం. భూమి కొలిచే గొలుసు పట్టనివ్వలేదు. కొలత జరగలేదు.’ పేరు రాయలేదు. కానీ మన ఒడ్డున రేవు గట్టు మీది మెట్ట చెలక ఎవరిదో నాకు తెలుసు. ‘అడ్డం లేదు’ అని నువ్వు రాసిన ఉత్తరం కూడా నా దగ్గరే ఉంది.

నాకు కోపం లేదు. జవాబు కావాలి. ఫిబ్రవరి 25కు ఇంక నాలుగు వారాలు కూడా లేవు.

దేవిదాస్

---

వాడపల్లి
4-2-1989

దేవిదాస్,

నేను అబద్ధం చెప్పినన్నవు. డెబ్బై ఏండ్ల వయసులో ఈ మాట పడ్డ. లింగవ్వ ఆపకపోతే ఆ మాపటి బస్సుకే వచ్చి మీ ఇంజనీరు బల్ల మీద ఆ ముంత బోర్లించేటోణ్ణి.

నేను బండ్లను లెక్కపెట్టలేదు. ఎడ్లను లెక్కపెట్టిన. గట్టెక్కిన జతకు ఒక గింజ వేసిన. బరువు గుంజేది బండా, ఎద్దా? పని చేసేదాన్ని లెక్కపెట్టాలె గద.

నీకు ఇది తెలవదా? చిన్నప్పుడు సెలవులకు వచ్చి ఆ రేవులనే ఈత కొట్టినవు. ఆ ఇసుకలో చెరుకు బండిని ఒక్క జత గుంజలేదు. అందుకని వెనక బండి ఎడ్లను విప్పి ముందు బండికి ముంగట కడతరు. రెండు జతలు కలిసి ఒక బండిని గట్టు ఎక్కిస్తయి. మళ్ళ ఆ రెండు జతలు ఉత్తగ వాగులకు దిగి రెండో బండిని గుంజుకొస్తయి. అంటే ఒక్క బండికి రెండు జతలు, నా ముంతలో రెండు గింజలు. రెండు బండ్లు దాటనీకి అరగంటసేపు. తోడు బండి వచ్చేదాక ఒంటి బండి అటు ఒడ్డుననే ఆగుతది. మాపటికి మిగిలినయి తెల్లారిందాక ఆగుతయి. చెరుకు అక్కడనే ఎండుతది. మీ మనిషి పొద్దంతా కూర్చున్నడంటివి, ఇది చూడలేదా? గట్టు మీద కూర్చొని చుట్ట తాగుకుంట బండ్లు లెక్కపెట్టిండు, అంతే.

బాపురావు ఎద్దు కాలు విరిగింది తన బండి కింద కాదు. రాజారాం బండికి తోడు కట్టినప్పుడు విరిగింది. ఒకని చెరుకుకు ఇంకొకని ఎద్దు పోయింది. రాజారాం మొఖం చూపెడతలేడు, బాపురావు నోరు తెరిచి అడుగుతలేడు. ఇసొంటి సంగతులు ఎవరన్న కాగితం మీద రాస్తరా అని రాయలేదు. ఊరందరికీ తెలిసిందే గద.

పాత ఫైలు సంగతి పాతది. దాని జోలికి పోకు.

లింబయ్య

---

నిజామాబాద్
9-2-1989

మామా,

దండం పెట్టి తప్పు ఒప్పుకుంటున్నాను. గింజకు ఒక బండి అని నేనే అనుకున్నాను, నిన్ను అడగకుండా. నీ ఉత్తరం పట్టుకుని నేరుగా ఇంజనీరు గారి గదిలోకి పోయి చదివి వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. ‘ఇది మొదటి పేజీలో ఎందుకు లేదు?’ అన్నారు. మొదటి పేజీ కొట్టేసి మళ్లీ రాశాను. ‘ఈ రేవులో ఒక్క బండి దాటడానికి రెండు జతల ఎడ్లు కావాలి’ అన్నది ఇప్పుడు మొదటి వాక్యం. ఎనిమిదేళ్లు ఆఫీసులో ఉండి నేను రాయలేని వాక్యం అది. ఊరందరికీ తెలిసిందని నువ్వు వదిలేసిందే ఇక్కడ ఒక్కరికీ తెలియదు.

సిరా డబ్బా సంగతి. దాటేస్తున్నానని రెండుసార్లు రాశావు, నిజమే. దానికి కారణమంటూ ఏమీ లేదు మామా. ఎవరూ చెప్పలేదు, ఆఫీసు నియమమూ కాదు. నీకు సంతకం రాదని అనుకున్నాను. అడగాలన్న ఆలోచనే రాలేదు. గింజల విషయంలో ఇప్పుడు చేసిందే అప్పుడూ చేశాను. పదిమందిలో నిన్ను తక్కువ చేశాను. తప్పు నాదే.

ఇప్పుడు నీ వంతు. ఆ చెడు పేజీ ఇంకా తెల్లగానే ఉంది. అందులో ‘అడ్డం లేదు’ అని నేను రాయను. ఫైల్లో పాత నోటు ఉండగా ఆ మాట రాస్తే రెండో అబద్ధం అవుతుంది, ఈసారి నిజంగానే. చెలక ఎవరిదో నా చేత్తో కూడా రాయను. నువ్వు రాసి పంపితేనే ఆ పేజీ నిండుతుంది. లేకపోతే కాగితం నా దగ్గరే ఉంటుంది.

పసుపు కొమ్ములు పనిచేశాయి. అమ్మ వేళ్లు వంగుతున్నాయి, మళ్లీ బీడీలు మొదలుపెట్టింది.

దేవిదాస్

---

వాడపల్లి
14-2-1989

దేవిదాస్,

సిరా డబ్బాకు జవాబు వచ్చింది. తీసుకున్న. ఆ మాట ఇంక ఎత్త.

నా జవాబు ఇది. 1980లో గొలుసు పట్టుకొని ముగ్గురు వచ్చిండ్రు. వాళ్ళ చేతిలో నువ్వు రాసిన కాగితమే ఉన్నది. ‘నీ చెలకలో ఏడు గుంటలు పోతది పెద్దాయనా’ అన్నరు. నా వేలు మీద సిరా పోయి పది దినాలు గూడ కాలేదు. ‘ఆ కాగితంలో ఏం రాసి ఉన్నదో చదువు’ అన్న. ఒకడు చదివిండు. ‘దిక్కులేని బీదోళ్ళకు చెలక ఎక్కడికెళ్ళి వస్తది? మీరు తప్పుదారి వచ్చిండ్రు, పోండ్రి’ అని గొలుసు గుంజి వాగులకు విసిరిన. మంచి మాట అన్న అనుకొని వారం దినాలు నవ్వుకున్న. ఊరోళ్ళకు మాత్రం, మొక్కిన కాగితం గనుక ఆఫీసోళ్ళు పట్టించుకోలేదని చెప్పిన. ఎనిమిదేండ్లు చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకు గూడ నిజమే అనిపించింది.

నీ ఉత్తరం వచ్చినంక లింగవ్వకు చదివి వినిపించిన. గొలుసు సంగతి ఆమెకు ఆ దినమే తెలుసట. ఇన్నేండ్లు నోరు తెరవలేదు. మొన్న తెరిచింది. ‘నీ వేలుకు అంటిన సిరా కడిగితే పోయింది. బాపురావు ఎద్దు కాలు కడిగితే వస్తదా?’ అన్నది. అటే లేచి బాపురావు ఇంటికి పోయిన. జరిగింది చెప్పిన. ఆయన ‘అన్నా, ఎనిమిదేండ్లు ఆ ఇసుకల నా ఎడ్లను నేనే కొట్టిన, నువ్వు గట్టు మీదికెళ్ళి చూసినవ్’ అన్నడు. తిట్టినా బాగుండు. నా రెండో జతలకెళ్ళి ఎడమ ఎద్దును విప్పుకపోయి ఆయన దొడ్లో కట్టేసి వచ్చిన. వద్దన్నడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

చెడు మాట ముందే రాయొద్దంటిని. ఈ చెడు ఎప్పుడో అయిపోయింది, రాస్తే కొత్తగ అయ్యేదేం లేదు. అందుకని ఆ పేజీ నేనే రాసిన. రెండు దినాలు పట్టింది. ఇది:

‘ఈ పనికి ఒకసారి అడ్డం వచ్చింది. అడ్డం వచ్చినవాడు వాడపల్లి లింబయ్య. భూమి లేక కాదు, పౌరుషానికి. మళ్ళ అడ్డం వస్తే వాడే రావాలె, ఇంకెవ్వరు లేరు. వాడు మళ్ళ రాకుండ చేసింది ఏందంటే, రేవు గట్టు మీది చెలకలో ఏడు గుంటలు దారికి రాసిచ్చిన కాగితం దీని వెనక కుట్టి ఉన్నది. కొలతకు మనుషులు వస్తే గొలుసు ఒక కొన లింబయ్యనే పట్టుకుంటడు. ఊరోళ్ళు బీదోళ్ళు కారు, దిక్కులేనోళ్ళు కారు. దారి లేనోళ్ళు.’

కింద సంతకం నాది. పక్కన బాపురావు, రాజారాం సాక్షి సంతకాలు పెట్టిండ్రు. రాజారాంకు సంతకం రాదు, వేలిముద్ర వేసిండు. ముందు వస్తదా అని అడిగిన, రాదు అన్నంకనే సిరా తీసిన.

ఈ పేజీని నువ్వు సక్కదిద్దొద్దు. పౌరుషం అన్న మాట తీసి మంచి మాట పెట్టాలని నీకు అనిపిస్తది. నీ గుణం నాకు తెలుసు. ఒక్క అక్షరం కదిలించొద్దు. ఇట్లనే పెట్టినవా, మార్చినవా, ఒక్క ముక్కలో రాయి. ఈ నెల ఇరువై తారీకు, సోమవారం నాటికి నీ జవాబు నా చేతిలో పడాలె. పడకపోతే మంగళవారం తొలి బస్సుకు దిగుత, నా పేజీ నేనే పట్టుకొని మీ మెట్లెక్కుత.

లింబయ్య
(చేవ్రాలు)